ఎర్రలైటుకు అడ్డం పెట్టిన తునికాకు

మెషిన్ లారీలోంచి దిగగానే కొబ్బరికాయ కొడతారు. పసుపు, కుంకుమ బొట్లు పెడతారు. ఓనరు, కంపెనీవాళ్లు, పక్కింటివాళ్లు వరుసగా నిలబడి ఫొటో దిగుతారు. ఆ ఫొటోతో మన పని అయిపోయిందనుకునేవాళ్లు దయచేసి ఈ వృత్తిలోకి రాకండి. బ్యాంకు పరీక్షలు రాసుకోండి, సుఖంగా ఉంటారు.

ఒకచోట పుట్టిన యంత్రాన్ని, దాన్ని నడిపే విద్యను ఇంకోచోటికి తెచ్చి నిలబెట్టడాన్ని పెద్ద మాటల్లో సాంకేతిక బదిలీ అంటారు. ఉద్యోగం చేసినంతకాలం నేను చేసింది అదే. మార్కెట్లు తెరుచుకున్న కొత్తలో చేరాను. అప్పటిదాకా లైసెన్సు కోసం ఏళ్లకేళ్లు తిరిగిన కంపెనీలు ఒక్కసారిగా బయటి దేశాల డిజైన్లు తెచ్చి, ఇక్కడ మెషిన్లు చేసి, చిన్న ఊళ్లలో అమ్మడం మొదలుపెట్టాయి. మాదీ అలాంటి కంపెనీయే. హెడ్డాఫీసు హైదరాబాద్‌లో, మా ఆఫీసు కరీంనగర్‌లో.

నాకు ప్రమోషన్లు ఎప్పుడొచ్చాయి, ఎవరు అడ్డుపడ్డారు అనేది ఇక్కడ రాయను. అడ్డుపడ్డవాళ్లు కూడా రిటైరయ్యారు, ఇప్పుడు పెళ్లిళ్లలో కలిస్తే పక్కపక్కనే కూర్చుని భోంచేస్తాం. నాకు పని నేర్పినవి రెండు ఊళ్లు, ఒక బాసు, ఒక ఆకు ముక్క. వాటి గురించే చెప్తాను.

గంగారాం గోడ

మాది కోరుట్ల. మా అమ్మ బీడీలు చుట్టేది. మా వాడలో మగవాళ్లు సగం మంది దుబాయిలోనో మస్కట్‌లోనో ఉండేవాళ్లు. ఇంజనీరింగ్ చదివి మెషిన్ల కంపెనీలో చేరానంటే మా మేనమామ, "ఆడివిల్లవు, పానాలు పట్టుకొని తిరుగుతవా?" అన్నాడు. తిరిగాను. ఏమైంది? ఆయన స్కూటర్ కూడా చివరికి నేనే బాగుచేశాను.

చేరిన కొత్తలో నన్ను జగిత్యాల పంపారు. అక్కడ గంగారాం అని ఒకాయన, గల్ఫ్‌లో చాలాకాలం సిమెంటు ఇటుకల ఫ్యాక్టరీలో చేసి వచ్చి, అదే రకం మెషిన్ మా దగ్గర కొన్నాడు. మన ఎర్ర ఇటుకకు నాలుగింతలుండే పెద్ద సిమెంటు ఇటుక. మెషిన్ బంగారంలా నడిచింది. ఇటుక రాయిలా వచ్చింది. కానీ కొనేవాడు లేడు. రోడ్డు పక్కన దొంతర్లు పేరుకుపోయాయి, వాటి మీద మేకలు ఎక్కి ఆడుకునేవి.

హెడ్డాఫీసు నుంచి ఇద్దరు వచ్చి ఇటుక బలం పరీక్షించి, మెషిన్లో లోపం లేదని రాసిచ్చి పోయారు. లోపం లేదని గంగారాంకూ తెలుసు. "మెషిన్ మంచిదే మేడం, నా నసీబే మంచిగ లేదు" అనేవాడు. నసీబు మాటెత్తితే నాకు ఒళ్లు మండుతుంది. ఇళ్లు కడుతున్న చోటికి వెళ్లి, ఎర్ర ఇటుకతో గోడ లేపుతున్న ఒక మేస్త్రీని అడిగాను.

"అవి పగుల్తయి మేడం. గోడకు మేకు సుత దిగది," అన్నాడు.

"ఎన్ని గోడలు పగిలినయి? నువ్వు చూసినవా?"

ఆయన నవ్వి, తాపీ పక్కన పెట్టి నిజం చెప్పాడు. "ఆ పెద్దిటికతోని కడితె పదొద్దుల పని మూడొద్దులల్ల అయిపోతది. మాకు రోజు కూలి. మిగిలిన ఒద్దులు మేమేం తినాలె?"

అదీ సంగతి. గల్ఫ్‌లో మేస్త్రీకి నెల జీతం. పని తొందరగా అయితే అతనికీ సుఖమే. జగిత్యాలలో రోజు కూలి. మేము మెషిన్ తెచ్చాం గానీ ఆ నెల జీతాన్ని తేలేదు కదా! ఇల్లు కట్టుకునే మనిషి మా కాగితాలు చదవడు, మేస్త్రీ మాట వింటాడు. మేస్త్రీ పగుల్తదంటే పగుల్తుంది, అంతే.

గంగారాంకు ఒకటే చెప్పాను. ఇటుకలు అమ్మడం మానెయ్, గోడలు అమ్ము అని. మేస్త్రీలను తానే పెట్టుకుని, గోడకింత అని గుత్తకు ఒప్పుకున్నాడు. మేస్త్రీలకూ గోడ లెక్కనే కూలి. అప్పుడు ఆ మేస్త్రీలే పెద్ద ఇటుకను పొగడటం మొదలుపెట్టారు, మేకు కూడా చక్కగా దిగింది. హెడ్డాఫీసులో దీన్ని వ్యూహం అన్నారు. నేనైతే ఎవరి పని పోతుందో ముందు అడిగి తెలుసుకోవడం అంటాను.

రంగారావు గారు

మా బాసు రంగారావు గారిది కోనరావుపేట వైపు ఊరు. ఒకప్పుడు ఊరంతా వాళ్ల మాట మీద నడిచిన కుటుంబం. భూములు తగ్గాయి, ఆయన చదువుకుని ఉద్యోగంలోకి వచ్చాడు. కానీ కుర్చీలో కూర్చునే తీరు మాత్రం దొరల గడీలో కూర్చున్నట్టే ఉండేది. టీ తెచ్చినవాడి ముఖం చూసేవాడు కాదు. దీని మీద ఆయనతో నేను నేరుగానే పోట్లాడాను, కొంత మారాడు, పూర్తిగా మారలేదు.

ఉన్నది చెప్పాలి కదా, ఆయన దగ్గర ఒక మంచి గుణం ఉంది. మన దగ్గర మెషిన్ కొన్నవాడు బాగుపడకపోతే ఆయనకు నిద్రపట్టేది కాదు. "మనని నమ్మి కొన్నోడు మునిగితే మన పరువేముంటది సుజాతా?" అనేవాడు. అది దొరల పరువో, మనిషి జాలో నాకు తెలియదు. పనికి మాత్రం వచ్చేది. మీకు బాసును ఎంచుకునే వీలుంటే, ఈ ఒక్క గుణం చూసుకోండి. మిగతావి మీరే సర్దుకోవచ్చు.

రాజేశం కార్ఖానా

సిరిసిల్లలో మరమగ్గాన్ని సాంచె అంటారు. ఒక వీధిలోకి వెళ్తే సాంచెల చప్పుడు తప్ప ఏమీ వినపడదు, మనుషులు సైగలతో మాట్లాడుకుంటారు. అక్కడ నేసేది ఎక్కువగా లంగాలకు, అస్తర్లకు వాడే చౌక గుడ్డ. ఇంకో గుడ్డ కింద దాగే గుడ్డ. అందులో ఒక పోగు తక్కువైనా అడిగేవాడు లేడు.

నేను చెప్పే ఏళ్లు మంచివి కావు. మార్కెట్లు తెరుచుకుని బయటి గుడ్డ చౌకగా దిగింది. నూలు ధర ఒక రోజు ఉన్నట్టు ఇంకో రోజు ఉండేది కాదు. సాంచెలను తూకానికి, పాత ఇనుము కింద అమ్ముకున్న ఇళ్లున్నాయి. ఇంటి ముందు టెంటు వేసి ఉంటే పెళ్లో చావో అడగడానికి భయమేసేది. ఆ చావుల గురించి రాయడానికి నాకు చేయి రాదు. మిగిలినవాళ్లు మరమగ్గాల పని కోసం మహారాష్ట్రలోని భివండి బస్సెక్కేవాళ్లు, వాళ్ల నోట అది బీమండి.

రాజేశం అలా వెళ్లి వచ్చినవాడే. పెళ్లాం రాజవ్వను, బిడ్డను తీసుకుని భివండిలో ఏళ్లు గడిపాడు. తిరిగి వచ్చి పాత సాంచెలతో సొంతంగా చిన్న కార్ఖానా పెట్టాడు. మా కంపెనీ ఆ పాతవి తీయించి, కొత్త రకం సాంచెలు నాలుగు అతని దగ్గర ట్రయల్‌కు పెట్టింది. స్కూలు యూనిఫాం గుడ్డ కొనే హైదరాబాద్ వ్యాపారి ఒకాయన ఒప్పుకున్నాడు. గుడ్డ బాగుంటే ఏడాది పొడుగునా ఆర్డరు, సాంచెలు రాజేశంవి. బాగాలేకపోతే సాంచెలు వాపస్.

వాపస్ అంటే ఏమిటో రాజవ్వ నాకు మొదటి రోజే చెప్పింది. "గీ సాంచెలు పోతె ఈన మల్ల బీమండి పోతడక్కా. నేను పోను. గాడ ఒక్క గది ఖోలీల రెండు సంసారాలు. పొద్దున వాళ్లు పండాలె, మేం బయట కూసోవాలె. నా బిడ్డ పెద్దదయితాంది. ఈసారి ఈనొక్కడే పోతడు, మేమిక్కడ ఉంటం. గంతే."

రాజేశం పక్కనే ఉన్నాడు. ఇంట్లో గోడ వారకు ఒక ఇనుప ట్రంకుపెట్టె ఉండేది, భివండి నుంచి తెచ్చుకున్నది. దాన్ని ఇంకా అటక ఎక్కించలేదు. ఎందుకని అడిగితే, "ఎప్పుడు దించాల్సొస్తదో ఎవలకెరుక" అంది రాజవ్వ.

కొత్త సాంచె సంగతి రెండు ముక్కల్లో చెప్తాను, మీకు అర్థమవుతుంది. పాత సాంచెలో అడ్డం పోగును నాడె అటూ ఇటూ తీసుకుపోతుంది. నాడెలో పెట్టడానికి నూలును చిన్న కండెలకు చుట్టాలి. ఆ కండెలు చుట్టేది ఆడవాళ్లు, ఇళ్లలో కూర్చుని. కొత్త సాంచెకు నాడే లేదు, కండే లేదు. పెద్ద నూలుండ నుంచి నేరుగా లాక్కుంటుంది. రెండోది, నిలువు పోగుల్లో ఒక్కటి తెగినా సాంచె తనంతట తానే ఆగి, ఎర్రలైటు వెలుగుతుంది. తెగిన పోగు అతికితేనే మళ్లీ నడుస్తుంది. అందుకే గుడ్డలో తప్పు రాదు. మా కంపెనీ రంగుల కాగితంలో ఈ రెండూ పెద్ద అక్షరాల్లో వేసుకున్నాం: తప్పులేని గుడ్డ, కండెల కూలి మిగులు.

ఆ రెండో మాట గుర్తుపెట్టుకోండి.

గీతలు

మొదటి లాటు హైదరాబాద్ పోయి, అలాగే తిరిగి వచ్చింది. గుడ్డ పొడవునా సన్నటి గీతలు. నిలువు పోగు తెగినా సాంచె ఆగకుండా నేసుకుంటూ పోయిందన్నమాట. అలా జరగడానికి వీల్లేదు. హెడ్డాఫీసుకు ఫోన్ చేస్తే, "సిరిసిల్ల వాళ్లకు ట్రైనింగ్ చాలలేదు" అన్నారు. గోడకు అంటించమని బొమ్మలున్న పోస్టర్లు పంపారు. రాజేశం వాటిని గౌరవంగా దేవుడి పటాల పక్కన అంటించాడు. రెండు రోజులు నేను కార్ఖానాలో నిలబడ్డాను. నేనున్నంతసేపూ ఎర్రలైట్లు వెలిగాయి, సాంచెలు ఆగాయి, గుడ్డ అద్దంలా వచ్చింది. నేను వెళ్లగానే మళ్లీ గీతలు.

అక్కడ సాంచెలు బిగించి, బాగుచేసి, ఇంకొకతనితో కలిసి నేసే మనిషి సత్తయ్య. ముస్తాబాద్ వైపు ఊరు. "మా నాయిన తాళ్లెక్కిండు మేడం, నేను సాంచెలెక్కిన" అని కొత్తవాళ్లందరికీ చెప్పుకునేవాడు. చేతిలో పానా ఉంటే ప్రపంచంలో తనంత మొనగాడు లేడనుకునే రకం. నాకు అలాంటివాళ్లు ఇష్టం, ఎందుకంటే నేనూ అదే రకం.

మూడోసారి చెప్పకుండా వెళ్లాను. వీధి చివరే ఆటో దిగి, అందరూ అన్నానికి లేచిన టైంలో కార్ఖానాలోకి పోయి, మొదటి సాంచె పక్క డబ్బా విప్పాను. పోగు తెగినప్పుడు ఎర్రలైటు తీగ వచ్చి కలిసే చోట ఒక ఆకు ముక్క మడిచి దూర్చి ఉంది. తీగ తగలదు, సాంచె ఆగదు. నాలుగు డబ్బాల్లోనూ ఆకే. ఎండిన తునికాకు, రేకు ముక్క పెట్టి కత్తిరించినట్టు అంచులు సరిగ్గా ఉన్నాయి.

ఆ ఆకు నేను ఎక్కడైనా గుర్తుపడతాను. మా అమ్మ ఒళ్లో చాటలో చూస్తూ పెరిగిన ఆకు అది. బీడీ ఆకు.

నాకు నిజంగా కోపం రావాలి. రాలేదు. కరెంటు ఆపడానికి తునికాకు వాడాలన్న ఆలోచన ఎవడికొచ్చిందో వాడి వీపు తట్టాలనిపించింది. అప్పుడే ఇంకో ప్రశ్న వచ్చింది. ఇది సాంచెల ఇల్లు. ఇక్కడికి బీడీ ఆకు ఎట్లా వచ్చింది?

బయటికి వచ్చి చూశాను. అరుగు మీద రాజవ్వ, ఇంకో ముగ్గురు ఆడవాళ్లు ఒళ్లో చాటలు పెట్టుకుని బీడీలు చుడుతున్నారు. నెల కింద అదే అరుగు మీద వాళ్లు కండెలు చుట్టేవాళ్లు.

"ఇదెప్పటి సంది రాజవ్వా?"

"కండెలు బందయినంక ఇదే పని అక్కా. చేతులు ఊకె ఉంటయా?" అంది, దారం చుడుతూ.

కండెల కూలి మిగులు! మేము పెద్ద అక్షరాల్లో అచ్చేసుకున్న లాభం. ఆ లాభమే అరుగు మీద కూర్చుని బీడీలు చుడుతోంది, ఆ ఆకే నా సాంచె నోరు మూసింది. అక్కడే నిలబడి నవ్వాను. నాకు పిచ్చి లేచిందనుకున్నారు వాళ్లు.

కార్ఖానాలో పంచాయితీ

రంగారావు గారు కారులో వచ్చాడు. హెడ్డాఫీసు సాంచెలను తిరిగి లారీ ఎక్కించమని ఆర్డరు పంపింది. సాంచెలు ఆపి, అందరం కార్ఖానాలో నిలబడ్డాం. నేను ఆకు ముక్క చూపించాను. రాజేశం ముఖం పాలిపోయింది. అతనికి తెలియదు పాపం.

సత్తయ్య మాత్రం దాచలేదు. "నేనే పెట్టిన సార్. ఏం జేస్తరు? మాకు కూలి పిక్కు లెక్క. అడ్డం పోగు ఎన్నిసార్లు పోతె అంత కూలి. సాంచె నిలవడ్డంక పోగు యాడ పోతది? నేసేటోళ్లు ఇద్దరు, సాంచెలు నాలుగు. ఒకటి అతికేలోపట ఇంకోటి నిలవడుతది. నిలవడ్డ సాంచెకు కూలెవలిస్తరు?"

"మరి నాకు చెప్పొద్దా?" అన్నాడు రాజేశం. "నా సంసారం గీ సాంచెల మీద ఉన్నది సత్తయ్యా! నీకు తెల్వదా?"

సత్తయ్య తల తిప్పుకున్నాడు. "నా సంసారం కూలి మీద ఉన్నది అన్నా," అన్నాడు మెల్లగా.

ఇద్దరిదీ నిజమే. ఇలాంటి చోట ఒకడిది తప్పని తేల్చి వెళ్లిపోయే ఆఫీసర్లను చాలామందిని చూశాను. వాళ్లు వెళ్లాక మెషిన్ కూడా వెళ్లిపోతుంది.

కూలి లెక్క మార్చి నిలబెట్టిన జగిత్యాల గోడ నా బుర్రలో ఉంది కాబట్టి, పిక్కు లెక్క మానేసి రోజు కూలి ఇద్దామన్నాను. సత్తయ్య అంత ఎత్తు లేచాడు. "వద్దు మేడం! ఊరంత పిక్కు లెక్కనే. కొట్లాడి కొట్లాడి తెచ్చుకున్న రేటు అది. మేమొక్క కార్ఖానల ఇడిస్తె రేపు సేట్లందరు మేం సుత గిదే జేస్తమంటరు. ఊరంత మా ముకం మీద ఊంచుతది." అతను చెప్పింది న్యాయంగా ఉంది. నేను వెంటనే ఆ మాట వదిలేశాను. ఒక ఊళ్లో పనిచేసిన మందు ఇంకో ఊళ్లో వేస్తే రోగి చస్తాడు, వైద్యుడు వింతపడతాడు.

రంగారావు గారు వాచీ చూసుకున్నాడు. "సుజాతా, లెక్క జూస్తె వాపస్ తీస్కపోవుడే నయం అనిపిస్తుంది."

"సార్, ఒక్క మోకా ఇయ్యుండ్రి," అన్నాడు రాజేశం. చేతులు జోడించబోయాడు. నేను అతని చేయి పట్టి దించాను. మెషిన్ పెట్టుకున్నవాడు మాకు దండం పెట్టడమేంటి?

"సార్," అన్నాను, "కూలి రేటు ముట్టుకోవద్దు, ఎర్రలైటు ముట్టుకోవద్దు. సాంచె ఆగనీయండి. కానీ ఆగిన సాంచె దగ్గర పోగు అతకడానికి వేరే మనిషి ఉండాలి. నేసేవాళ్లు నేస్తూనే ఉంటారు. వాళ్ల పిక్కులు పెద్దగా పోవు."

"ఆ మనిషికి కూలెవలిస్తరు?" అన్నాడు రాజేశం.

"కండెలకు ఎవరు ఇచ్చారు ఇన్నాళ్లు?"

అతను అరుగు వైపు చూశాడు. రాజవ్వ చాట దించి లేచి నిలబడింది. "పోగు అతుకుడే గదా? పుట్టినప్పటి సంది చేస్తున్న పని," అంది.

సమస్య తీరిపోయిందనుకున్నాను. కానీ కార్ఖానాలో మగవాళ్లంతా ఒక్కసారి నేల చూపులు చూడటం మొదలుపెట్టారు. సత్తయ్య అయితే పానాను లుంగీకి తుడుస్తూనే ఉన్నాడు. ఎవరూ సరే అనరు, కాదనరు. ఏమైందయ్యా అంటే చెప్పరు. రంగారావు గారికి చిరాకు వచ్చింది. "నోట్ల నాలిక లేదా?" అని అరిచాడు.

చివరికి రాజేశమే గొణిగాడు. "ఆడోళ్లు కండెలు ఇంటికాడ చుడుతరు మేడం, సాంచెల కాడికి రారు. లోపట ఉడుక ఎట్లుంటదో చూసిండ్రు గదా. మొగోళ్లు బనీన్ల మీద ఉంటరు. లుంగీలు మోకాళ్ల మీదికి ఎగ్గడుతరు. కొందరైతె బనీన్ సుత ఇప్పుతరు. ఆడోళ్లు మసులుతుంటె... సిగ్గయితది."

బయటి దేశం డిజైను, హైదరాబాద్ ఫ్యాక్టరీ, ఏడాది ఆర్డరు, ఒక సంసారం, అన్నీ వచ్చి బనీన్ దగ్గర ఆగాయి! ఏ రిపోర్టులోనూ ఈ మాట ఉండదు. జవాబు రాజవ్వే చెప్పింది.

"ఏందీ, బనీన్లా?" అంది నడుం మీద చెయ్యి పెట్టి. "మీ బనీన్లు ఉతికేది ఎవలు? మేమే గదా! ఏ బనీన్‌కు ఎన్ని తూట్లున్నయో మాకెరుక లేదా? గాటిని జూసి మేం సిగ్గువడాల్నా, మీరు సిగ్గువడాల్నా?"

రంగారావు గారు నవ్వాపుకోలేక గోడ వైపు తిరిగాడు. ఆ నవ్వుతో సగం పని అయింది. మిగతా సగం నా షరతు. తిరిగే సాంచె దగ్గర చీర కొంగు యముడితో సమానం. పొలంలో నాట్లు వేసేటప్పుడు ఆడవాళ్లు చీర మీద మగవాళ్ల పాత అంగీ తొడుక్కుంటారు కదా, అలా అంగీ తొడుక్కుని, కొంగు లోపల దోపుకుంటేనే లోపలికి రానిస్తానన్నాను. మిగతా ముగ్గురి ఇళ్లలో అంగీ ఇవ్వడానికి మగవాళ్లు ఒప్పుకోలేదు. తమ అంగీలేసుకుని పరాయి కార్ఖానాలో పనా అని గొడవ. వాళ్లు అరుగు మీదే ఆగిపోయారు. రాజవ్వ ఒక్కతే రాజేశం వేసుకున్న అంగీ అక్కడికక్కడ విప్పించి తొడుక్కుంది. కార్ఖానాలో మగవాళ్లు బనీన్ల మీద, ఆడమనిషి అంగీలో. సత్తయ్య మిగిలిన ఆకు ముక్కలన్నీ తీసి నా చేతిలో పెట్టాడు.

లారీ కోసం హెడ్డాఫీసు నుంచి ఫోన్ వస్తే, రంగారావు గారు ఎంతో మర్యాదగా, "ఇక్కడ లారీలు దొరుకుత లేవండి, వడ్ల సీజను" అని చెప్పాడు. బయట రోడ్డు మీద ఖాళీ లారీలు వరుసగా ఉన్నాయి. నేను ఆయన ముఖం చూశాను. "మా తాతలు ఊర్ల మీద చేసిన పాపాల ముందట గిదొక లెక్కనా సుజాతా?" అన్నాడు. ఆయన నోట ఆ మాట నేను అదొక్కసారే విన్నాను. తర్వాత తన కారు డ్రైవరుకు తన చేత్తో టీ గ్లాసు అందించాడు. అది కూడా మొదటిసారే.

రెండో లాటు

రెండో లాటు మొత్తం రాజవ్వ ఒక్కతే నాలుగు సాంచెల మధ్య తిరిగింది. ఎర్రలైటు వెలగడం, ఆమె పోయి పోగు అతకడం, సాంచె మళ్లీ అందుకోవడం. చూస్తుంటే నాకే కాళ్లు నొప్పులు పుట్టాయి. రెండో రోజు నుంచి ఆమె కూర్చోవడానికి ఏదో కావాలంది. కార్ఖానాలో కుర్చీ పట్టదు, స్టూలు లేదు. ఇంట్లోంచి ఆ ట్రంకుపెట్టెను ఈడ్చుకొచ్చి సాంచెల మధ్య పెట్టుకుంది. దానికి తాళం వేసి ఉంది.

"అండ్ల ఏమున్నయి?" అని అడిగాను.

"ఈన బట్టలు. బీమండి పోతందుకు సదిరి పెట్టుకున్నడు," అంది. మొదటి లాటు తిరిగొచ్చిన రోజే రాజేశం సర్దుకున్నాడట. అంగీలు, లుంగీలు, ఒక దుప్పటి, చెంబు. ఆమె ఆ పెట్టె మీదే కూర్చుని పోగులు చూసింది. రాజేశం నేసిన గుడ్డ చూసుకుంటూ మధ్యమధ్య ఆ తాళం వైపు చూసేవాడు.

కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్లకు ఇక్కడ ఒక మాట. కంపెనీ వ్యూహం అంటే పెద్ద గదిలో గోడ మీద మ్యాపు వేలాడదీసి, జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల అని గుండుసూదులు గుచ్చడం అనుకుంటారు. గుచ్చండి, తప్పులేదు. కానీ మనం తెచ్చే ప్రతి కొత్త యంత్రం ఎవరో ఒకరి చేతిలో పనిని తీసుకుంటుంది. ఆ చేతులు ఎక్కడికి పోతాయో కనుక్కోని కంపెనీ అక్కడ నిలబడదు. నేను ఇది దయ కొద్దీ చెప్పట్లేదు, వ్యాపారంగానే చెప్తున్నా. మిగిలిందనుకున్న కూలి ఎక్కడో ఒకచోట మన మీదికే వస్తుంది. సిరిసిల్లలో అది తునికాకై వచ్చింది. మేము పెట్టిన చోట్లన్నీ నిలబడలేదు, కొన్ని కార్ఖానాల్లో మా మెషిన్లు కూడా తుక్కు కిందే పోయాయి. పోయిన ప్రతిచోటా మేము ఈ ప్రశ్న అడగలేదని నాకు ఖాయంగా తెలుసు.

లాటు హైదరాబాద్ పోయింది. కబురు ఎస్టీడీ బూత్‌కు వస్తుందన్నారు. నేను బూత్ ముందు బెంచీ మీద కూర్చున్నాను. బూత్ అతను రెండుసార్లు టీ తెప్పించాడు. ఫోన్ మోగింది, వ్యాపారి మాట్లాడాడు, నేను పెట్టేసి నడిచాను. నడిచాను అని రాస్తున్నా గానీ పరుగెత్తాను. నా హోదాకు, నా ఒంటికి అది చూడదగిన దృశ్యం కాదు.

కార్ఖానాలో చప్పుడుకు నా మాట ఎవరికీ వినపడలేదు. చేతులూపాను. సత్తయ్య చూసి, ఒక్కో సాంచె ఆపుకుంటూ వచ్చాడు. నాలుగోది ఆగాక గది ఒక్కసారి మూగపోయింది.

"పాసయ్యింది. ఏడాది ఆర్డరు," అన్నాను.

రాజేశం సాంచె పక్కనే నేల మీద చతికిలబడ్డాడు. బనీన్‌తో ముఖం కప్పుకుని ఏడ్చాడు. సత్తయ్య వెళ్లి అతని పక్కన కూర్చుని, భుజం మీద చెయ్యి వేశాడు. నాకూ కళ్లు నిండాయి, దాచుకోలేదు.

రాజవ్వ ఏడవలేదు. పెట్టె మీద నుంచి లేచి, బొడ్లో దోపుకున్న తాళంచెవి తీసి, తాళం విప్పింది. మూత ఎత్తింది. చెంబు తీసి పక్కన పెట్టింది, దుప్పటి తీసింది. మడతపెట్టిన అంగీలు ఒక్కొక్కటి తీసి దులిపి, గుమ్మం దగ్గరికి పోయి, అరుగు మీద చాటలతో కూర్చున్న ముగ్గురి ఒళ్లో తలా ఒకటి వేసింది.

"తొడుక్కోండ్రి. మీ మొగోళ్లయి కావియ్యి, అడిగెటోడు లేడు. రేపటి సంది లోపటికి రాండ్రి."

రాజేశం ముఖం మీది బనీన్ దించి చూశాడు. "ఏయ్, గవి నా బీమండి అంగీలే! అన్ని ఇచ్చేస్తె నేనేం తొడుక్కోవాలె?"

రాజవ్వ ఖాళీ పెట్టె మూత దించి, మళ్లీ దాని మీద కూర్చుంది.

"నువ్వు యాడికి పోతున్నవు గని?" అంది.